నట్టల మందు అందరికీ తాపాలా? – ఒక వానాకాలం మంద డైరీ

రోహిణి కార్తె

ఈ వానాకాలం మా మందలో నట్టల (కడుపులో పురుగుల) మందు అన్ని జీవాలకూ ఒకేసారి తాపడం ఆపుతున్నాం. ఏ జీవానికి అవసరమో చూసి దానికే ఇస్తాం. ఇది కుదిరే పనేనా, కుదిరితే చాకిరీ ఎంత పెరుగుతుంది, జీవాలేమైనా పోతాయా అన్నది రాసిపెట్టుకోవడానికే ఈ డైరీ.

మంద అంటే 60 దాకా గొర్రెలు, ఎక్కువ నెల్లూరు జోడిపి, కొన్ని దక్కనీ. వాటితోపాటు 15 మేకలు. ఊరు నాగర్‌కర్నూలు జిల్లాలో, ఎర్ర చెలకల నేల. మేత సగం మా చెలకలో, సగం చెరువు శిఖంలో. శిఖం ఊరందరిదీ. అక్కడ ఎవరి మంద వేసిన పెంటికల్లోని నట్టల గుడ్లు ఎవరి మంద కడుపులోకి పోతాయో ఎవరూ చెప్పలేరు.

మార్పు ఎందుకంటే, మందు పనిచేస్తున్నట్టు లేదు. మా చుట్టుపక్కల అందరిదీ ఒకటే పద్ధతి. తొలకరికి ముందు ఒకసారి, వానల నడుమ ఒకసారి, చలికి ముందు ఒకసారి ఆల్బెండజోల్, చిన్నదానికీ పెద్దదానికీ సీసా మూతతో ఒకే కొలత. పోయిన ఏడు రెండో విడత తాపిన కొద్ది రోజులకే దవడ కింద నీళ్ల సంచి దిగిన గొర్రెలు మళ్లీ కనిపించాయి. మందే నాసిరకమా, మోతాదు చాలలేదా, నట్టలు మందుకు లొంగడం మానేశాయా? మూడింటికీ చేయాల్సిన పని వేరు. లెక్క తీస్తేగానీ ఏదో తేలదు.

ఇక్కడ ఎక్కువ నష్టం చేసేది హీమాంకస్ కంటార్టస్. నాలుగో కడుపులో చేరి రక్తం తాగే నట్ట. ఒక్కోటి రోజుకు 0.05 మి.లీ. రక్తం పీలుస్తుంది. చూస్తే ఏమంత కాదు. కానీ వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మి.లీ. అయింది, 25 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే లీటరున్నర పైచిలుకు. పారుడు చాలాసార్లు ఉండదు, అదే దీంతో వచ్చిన చిక్కు. పెంటికలు గట్టిగానే పడుతుంటాయి, గొర్రె మాత్రం కండ్లు తెల్లబడి మంద వెనక పడుతుంది, ఒక పొద్దున లేవదు.

పుస్తకాల్లో ఉన్నదీ, పశువైద్యులు చెప్పేదీ ఇంకో సంగతి ఉంది. నట్టలు మందలోని అన్ని జీవాల్లో సమంగా ఉండవు. నూటికి ఇరవై ముప్పై జీవాల్లోనే అత్యధిక భాగం నట్టలుంటాయి. మిగతావి తమ ఒంటి శక్తితో తట్టుకుంటాయి. అందరికీ మందు తాపితే ఆ మందుకు చావని నట్టలే మిగిలి, వాటి గుడ్లతోనే బీడు నిండుతుంది. కొన్ని జీవాలను మందు లేకుండా వదిలేస్తే, మందుకు లొంగే నట్టలు కూడా బతికి, మొండి నట్టల సంతానం పలచబడుతుంది.

ఈ ముక్క మా కాపరి కాకకు చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

"మందియ్యకుంటే పురుగులను సాదుకున్నట్టే గద బిడ్డా?"

"కొన్నిటిని సాదుకోవాల్సిందే కాకా."

ఆయన నవ్వలేదు. సరేనని కూడా అనలేదు.

మృగశిర

సామాను చేరింది. కాలేజీ పిల్లలు వాడే రకం మైక్రోస్కోపు, మెక్‌మాస్టర్ స్లైడు (నట్టల గుడ్లు లెక్కపెట్టే గీతల గాజు పలక), టీ వడపోత, చిన్న తూకం, కల్లుప్పు. లీటరు నీళ్లలో 400 గ్రాముల ఉప్పు వేసి కాచాం. అడుగున కొంచెం కరగకుండా మిగిలితే ద్రావణం సరిపోయినట్టే. చల్లార్చి వడపోసి సీసాలో పోసుకున్నాం.

పద్ధతి చెప్తే చిన్నదే. 2 గ్రాముల పెంటికలు నలిపి 28 మి.లీ. ఉప్పునీళ్లలో కలపాలి, వడపోయాలి, స్లైడులోని రెండు గదులూ నింపాలి. ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు తేలి పై అద్దానికి చేరతాయి. రెండు గదుల్లో గీతల లోపల ఉన్న గుడ్లు లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాము పేడలో ఎన్ని గుడ్లో వస్తుంది. ఎక్కువసేపు వదిలేస్తే ఉప్పు గడ్డకట్టి ఏదీ కనపడదు. మొదట్లో గాలి బుడగలను కూడా గుడ్లనుకునే ప్రమాదం ఉంది. బుడగకు నల్లటి గుండ్రని అంచు ఉంటుంది. గుడ్డు కోలగా, లోపల ద్రాక్షగుత్తి నింపినట్టు ఉంటుంది.

పెంటికలు నేల మీద ఏరితే లాభం లేదు, అవి ఏ గొర్రెవో తెలియదు. గ్లోవు తొడుక్కొని వేలితో నేరుగా తీయాలి. తీసినవి ఎండలో ఉంటే ఒక్క రోజులోనే గుడ్లు పొదిగిపోతాయి, కాబట్టి చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ ఇచ్చేది లేదని ఇంట్లోవాళ్లు ముందే చెప్పేశారు. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ముక్కలతో కానిస్తున్నా.

ఇప్పుడు చూసిన నమూనాల్లో గుడ్లు చాలా తక్కువ, చాలావాటిలో సున్నా. ఎండాకాలం బెట్టలో లార్వాలు (గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులు) బతకవు, ఒంట్లో ఉన్నవి కూడా కొన్ని ఎదగకుండా నిద్రపోతాయి. మందు పనితనం తేల్చాలంటే గ్రాముకు కనీసం 150 గుడ్లు ఉండే జీవాలు కావాలి. వానలు పడి, లార్వాలు గడ్డి ఎక్కి, కడుపులో చేరి, గుడ్లు పెట్టే నట్టలు కావడానికి ఇంకో నాలుగు వారాలైనా పడుతుంది. ఆగడమే.

ఈలోగా చిటుకు రోగం టీకా వేయించాం. దానికీ నట్టలకూ సంబంధం లేదుగానీ, పనంతా ఒకేసారి మీద పడకుండా ఉంటుంది.

ఆరుద్ర

వాన బాగా పట్టింది. ఫమాచా కార్డు చేతికొచ్చింది. దక్షిణాఫ్రికాలో ఫాఫా మాలన్ అనే పశువైద్యుడి ఆలోచనతో పుట్టిన కార్డు ఇది. గొర్రె కింది రెప్ప లోపలి రంగును ఐదు రంగులతో పోల్చాలి. 1 అంటే ఎర్రగా ఆరోగ్యంగా ఉన్నట్టు, 5 అంటే తెల్లగా పాలిపోయినట్టు. 4, 5 వస్తే మందు తప్పదు. 3 వస్తే పిల్లలకు, చూడివాటికి, మేకలకు ఇస్తాం, బలంగా ఉన్న గొర్రెను ఆపి చూస్తాం. ఫోన్‌లో బొమ్మ చూసి, లేదా ఇంటి ప్రింటర్‌లో తీసి వాడితే రంగులు మారిపోతాయి. అసలు కార్డే కావాలి, చూడటం కూడా పట్టపగలు వెలుతురులోనే.

కాకకు కార్డు అక్కర్లేదట. "గీ రంగులేంది బిడ్డా, దాని నడక జూస్తె తెల్వదా?"

సరే చూద్దామని, ఆయన ముందు చేత్తో చూసి చెప్పడం, తర్వాత నేను కార్డుతో చూడటం పెట్టుకున్నాం. ఆయన చూసే తీరు గమనిస్తే ఆశ్చర్యం వేసింది. రెప్ప తిప్పుతాడు, దవడ కింద తడుముతాడు, నడుము ఎముక మీద బొటనవేలు నొక్కి కండ ఎంతుందో చూస్తాడు, తోక కింద తడి ఉందేమో చూస్తాడు, చివరకు ముక్కు. కార్డు తర్వాత ఆ దక్షిణాఫ్రికా వాళ్లే 'ఐదు చోట్ల పరీక్ష' అని ఒకటి పెట్టారు: కన్ను, దవడ, వీపు, తోక, ముక్కు. అవే ఐదు! ముక్కు ఎందుకంటే ముక్కుపురుగు ఉంటే చీమిడి కారుతుంది. ఒక్క తేడా ఉంది. కాక నడక చూసి పట్టుకున్నవి అప్పటికే 4, 5 లో ఉన్నవి. 3లో ఉండి దిగజారబోయేవి నడకలో బయటపడవు, కార్డుకే దొరుకుతున్నాయి.

కండ్లు తెల్లబడ్డాయంటే హీమాంకస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. గోమార్లు పట్టినా, కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) ఉన్నా రక్తం తగ్గుతుంది. దుమ్ముకో, కండ్లకలకకో కన్ను ఎర్రబడితే రక్తం లేకున్నా ఉన్నట్టు మోసపోతాం. కార్డూ గుడ్ల లెక్కా రెండూ ఉంటేనే ధైర్యం.

పుష్యమి

గుడ్లు పెరిగాయి. కొన్ని గొర్రెల్లో వెయ్యి దాటాయి. వెయ్యి దాటితే ఆలోచించాలి, 2 వేలు దాటితే ఆగొద్దు అని మా డాక్టరు గారి లెక్క. ఇక మందు పరీక్షకు ఇదే అదను.

గుడ్లు ఎక్కువున్న, పొట్టేలు కలవని గొర్రెలను రెండు గుంపులు చేశాం. పొట్టేలు కలవనివే ఎందుకంటే, చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ ఇస్తే పిండానికి చేటు. ఒక గుంపుకు ఆల్బెండజోల్, ఇంకో గుంపుకు లెవామిసోల్. తలా ఇంత అని కాకుండా స్ప్రింగ్ కాటాకు వేలాడదీసి తూకం వేసి ఇచ్చాం. ఆల్బెండజోల్ కిలోకు 7.5 మి.గ్రా. చొప్పున 30 కిలోల గొర్రెకు 225 మి.గ్రా. కావాలి. 2.5 శాతం మందైతే 9 మి.లీ. మూతతో తాపేది 5 మి.లీ., అంటే సగం మోతాదు. సగం మోతాదు నట్టను చంపదు, దానికి మందు రుచి చూపించి వదులుతుంది. అలాగని సీసా మీద శాతం చూడకుండా మి.లీ. చెప్పడం కూడా ప్రమాదమే. 10 శాతం మందు అదే గొర్రెకు రెండుంపావు మి.లీ. చాలు. సీసా బాగా కుదపకపోతే పైన నీళ్లు, అడుగున మందు.

తాపేటప్పుడు తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల నేలకు సమంగా ఉంచి, బుగ్గ పక్కనుంచి నాలుక వెనక్కి పోయాలి. కాక దీంట్లో మనందరికంటే నేర్పరి, ఇక్కడ నేను చూస్తూ ఊరుకున్నా.

లెవామిసోల్ గుంపును వారానికి, ఆల్బెండజోల్ గుంపును పన్నెండో రోజున మళ్లీ చూడాలి. గుడ్లు 95 శాతం కంటే తక్కువ తగ్గితే నట్టలు ఆ మందుకు లొంగట్లేదని అనుమానించాలి.

ఆశ్లేష

లెక్క తేలింది.

ఆల్బెండజోల్ గుంపులో గుడ్ల సగటు దాదాపు 1400 నుంచి 600కి వచ్చింది. అంటే తగ్గింది 57 శాతమే. తూకం వేసి, పూర్తి మోతాదు, కొత్త సీసా, గడువు ఉన్న మందు. కాబట్టి మోతాదుకూ నాసిరకానికీ నింద వేసే వీల్లేదు. మా మందలో ఉన్న నట్టలకు ఈ మందు చాలావరకు అలవాటైపోయింది. లెవామిసోల్ గుంపు 1500 దగ్గర్నుంచి 50 లోపు పడిపోయింది.

దుకాణంలో ఈ మాట చెబితే "అయితే ఫెన్‌బెండజోల్ తీసుకో" అన్నారు. అది కూడా ఆల్బెండజోల్ లాగే బెంజిమిడజోల్ జాతి మందే. ఒకదానికి మొండికేసిన నట్ట రెండోదానికీ మొండికేస్తుంది. సీసా రంగు మారినంత మాత్రాన మందు మార్చినట్టు కాదు. ఈ జాతిలో మొదటిది థయాబెండజోల్ 1961లో వచ్చింది, 1964కే దానికి లొంగని హీమాంకస్ అమెరికాలో బయటపడింది. మూడేళ్లలోనే! అందరూ పొగిడే ఐవర్‌మెక్టిన్ కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది, ఆ మందుకూ లొంగని నట్టలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. లెవామిసోల్ వేరే జాతి, ఐవర్‌మెక్టిన్ వేరే జాతి, క్లోసాంటెల్ ఇంకో జాతి. మా చేతిలో ఉన్నవి ఇంతే. లెవామిసోల్‌ను ఇప్పుడు అందరికీ తాపితే దాని గతీ ఇదే అవుతుంది. అందుకే కార్డు చూసి, అవసరమున్నవాటికే. లెవామిసోల్ మోతాదు ఎక్కువైతే నురగ కక్కి వణుకుతాయి, కాబట్టి తూకం లేకుండా దీని జోలికి పోవద్దు.

ఇంకో చిన్న ప్రయోగం కూడా చేశాం. కొన్ని పెంటికలు నలిపి, తడిపి, గాజు సీసాలో మూత వదులుగా పెట్టి వారం ఉంచాం. సీసా గోడల మీద తడిలోకి లార్వాలు ఎక్కాయి. ఒక చుక్క స్లైడు మీద వేసి కాకకు చూపించా. చాలాసేపు కన్ను తీయలేదు.

"గివన్నీ గడ్డి మీద ఉంటయా?"

"తడి ఉన్నప్పుడు ఎక్కుతాయి. ఎక్కువగా నేల నుంచి ఓ నాలుగు వేళ్ల ఎత్తులోనే."

మంచు ఆరకముందు మంద విప్పొద్దని వాళ్ల నాయన చెప్పేవాడట, ఎందుకో ఆయన చెప్పలేదట. కాక ఇప్పటికీ అలాగే చేస్తాడు. ఆ సాయంత్రం నుంచి కార్డు ఆయన జేబులో ఉంటోంది. ఎవరు అడిగినా ఇవ్వడు.

మఖ

ముసురు. వారంపాటు ఎండ లేదు. రెండు వారాలకోసారి చూసే కండ్లు ఇప్పుడు వారానికోసారి చూస్తున్నాం. అయినా ఒక గొర్రె పోయింది. పోయిన వారం 3లో ఉంది, బలంగా ఉందని మందు ఆపాం. పాలిచ్చే తల్లి.

డాక్టరు గారు వచ్చి కోశారు. నాలుగో కడుపు తెరిస్తే లోపలి పొర మీద ఎరుపు తెలుపు పోగులు కలిపి పేనిన దారం ముక్కల్లాంటివి కుప్పలుగా కదులుతున్నాయి. ఎరుపు అవి తాగిన రక్తం, తెలుపు దాని చుట్టూ మెలితిరిగిన గుడ్ల సంచి. పద్ధతిలో ఒక మార్పు రాసుకున్నాం: ఈనిన తల్లులకు కూడా 3 దగ్గరే మందు. ఈనే ముందు రెండు వారాలనుంచి, ఈనాక ఆరేడు వారాల దాకా తల్లి ఒంట్లో నట్టల మీద పట్టు సడలి గుడ్లు పెరుగుతాయి. అదే సమయంలో పిల్లలు పక్కనే గడ్డి కొరకడం నేర్చుకుంటాయి.

పాలిచ్చేవాటికి రోజూ పల్లిచెక్క, తవుడు కలిపిన దాణా పెంచాం. మాంసకృత్తులు అందిన గొర్రె నట్టలను బాగా తట్టుకుంటుంది. నా మట్టుకు నాకు మూడో విడత మందు మీద పెట్టే డబ్బు చెక్క మీద పెట్టడమే నయం అనిపిస్తోంది.

ఊళ్లో ఒకాయన మైలుతుత్తం నీళ్లు తాపమన్నాడు. వెనకటి రోజుల్లో నట్టలకు దాన్నే వాడేవారు, నిజమే. కానీ గొర్రెకు రాగి విషమెక్కడం ఎంత తేలికో తెలిశాక ఆ మాటే వద్దు. మోదుగ గింజలు, వాయువిడంగాలు కూడా చెప్పారు. వాటి మీద నాకు కోపం లేదు. తాపిన ముందూ తర్వాతా గుడ్లు లెక్కపెట్టి చూపిస్తే వాడతా అన్నా.

ఉత్తర

రెండు గొర్రెలకు నీళ్ల పారుడు, కంపు, దవడ వాపు. స్లైడులో గుడ్లు కొద్దిగానే ఉన్నాయి. లెవామిసోల్ ఇచ్చినా తగ్గలేదు. కాక చూసి "ఇది జలగ" అన్నాడు.

జలగ గుడ్లు బరువు, ఉప్పునీళ్లలో తేలవు. వాటికి వేరే పద్ధతి. పెంటికలు నీళ్లలో కలిపి వడపోసి గ్లాసులో వదలాలి, పై నీళ్లు వంపేసి మళ్లీ నీళ్లు పోయాలి, నీళ్లు తేటబడేదాకా అలా చేస్తూ అడుగు మడ్డిని చూడాలి. రంగులేని పెద్ద గుడ్లు కనిపించాయి. పొట్టజలగవి. కార్జపు జలగ గుడ్డయితే పసుపు రంగులో ఉంటుంది. చిన్న పొట్టజలగలు పేగులో ఉన్నప్పుడే ఎక్కువ పారుడు పెడతాయి. అప్పటికి గుడ్లే ఉండవు, అంటే గుడ్లు కనపడకపోయినా జలగ లేదని ధీమా పనికిరాదు. డాక్టరు గారు ఆక్సిక్లోజనైడ్ రాశారు. రెండూ కోలుకున్నాయి.

ఇవి నత్తల ద్వారా వస్తాయి, నత్తలు చెరువు అంచున. కాలువ నీళ్లు వచ్చాక మా చెరువు ఎండాకాలం కూడా ఎండట్లేదు. పంటలకు మంచిదే, కానీ ఒకప్పుడు ఏటా ఎండకు చచ్చే నత్తలూ లార్వాలూ ఇప్పుడు ఏడాదంతా బతుకుతున్నాయి. శిఖంలో నీటి అంచు దాకా మందను దించడం మానేశాం. నీళ్లు తొట్టిలో పెడుతున్నాం. కాకకు ఇది కష్టం, పచ్చగడ్డి అంతా ఆ అంచునే ఉంటుంది.

హస్త

మేకల సంగతి ఇన్నాళ్లూ రాయలేదు, ఎందుకంటే వాటితో పెద్ద టెన్షన్ లేదు. తుమ్మ, సుబాబుల్, రేగు కొమ్మలు తింటూ తల పైకెత్తి మేసేదానికి లార్వాలు తక్కువ దొరుకుతాయి. కానీ చెలకలో కంచె వేసి గడ్డి మీదే కట్టేస్తే మేక గొర్రెకంటే ముందు పడిపోతుంది. నట్టలను తట్టుకునే శక్తి దానికి తక్కువ. మందు కూడా మేక ఒంట్లో తొందరగా అరిగిపోతుంది, గొర్రె మోతాదు ఇస్తే అది తక్కువ మోతాదే. లెవామిసోల్ గొర్రెకు కిలోకు 7.5 మి.గ్రా. అయితే మేకకు 12 దాకా చెప్తారు. ఇది డాక్టరును అడిగే చేయాలి.

పిల్లల్లో కొన్నింటికి రక్తం కలిసిన పారుడు. స్లైడులో నట్ట గుడ్లు కాదు, చిన్న గుండ్రటి కాక్సీడియాలు నిండా ఉన్నాయి. దానికి నట్టల మందు పనిచేయదు. వేరే మందు పడింది, పిల్లల దొడ్డి పొడిగా ఉండేలా సున్నం చల్లి ఎత్తు పలకలు వేశాం.

చెలకను వెదురు కంచెతో ముక్కలు చేసి మేపు మార్చడం మొదలుపెట్టాం. టోంగా దీవుల్లో 1990ల్లో చేసి చూసిన పద్ధతి ఇది. పది మళ్లు, ఒక్కో మడిలో మూడున్నర రోజులు, మళ్లీ ఆ మడికి నెల తర్వాతే. వేడిగా, తడిగా ఉండే చోట లార్వాలు తొందరగా పుడతాయి, ఒంట్లో దాచుకున్న శక్తి అయిపోయి తొందరగా చస్తాయి. మూడున్నర రోజుల్లో కొత్త గుడ్లు జీవాలకు సోకే దశ లార్వాలు కాలేవు, నెలకు పాతవి మిగలవు. మా దగ్గర పది మళ్లకు చోటు లేదు, ఆరు అయ్యాయి. మిగిలిన రోజులు దశరథ గడ్డి కోసి షెడ్డులోనే వేస్తున్నాం.

చిత్త

వానలు వెనక్కి తగ్గాయి. ఈ సీజన్‌లో మందు పడింది మందలో మూడో వంతుకు కాస్త ఎక్కువ జీవాలకే. మిగతావాటి కండ్లు 1, 2 లోనే ఉన్నాయి, మందు చుక్క లేకుండా. నట్టలతో ఒక గొర్రె పోయింది, దాని సంగతి పైన రాశా. చాకిరీ మాత్రం నిజంగా పెరిగింది. వారానికి ఒక పూట కండ్లు చూడటానికే పోతుంది. ఇద్దరు మనుషులు లేనివాళ్లకు ఇది కష్టం.

పదేపదే 4కి దిగిన గొర్రెలకు కొమ్ము దగ్గర, కొమ్ము లేనివాటికి చెవి దగ్గర ఎర్ర రంగు పూశాం. వాటిని, వాటి ఆడపిల్లలను మందలో ఉంచం. నట్టలను తట్టుకునే గుణం కొంత తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అమ్మేముందు, మందు తాపాక ఇన్ని రోజులు ఆగమని సీసా మీద ఉన్నన్ని రోజులు ఆగాలి, మాంసంలో మందు మిగిలి ఉంటుంది కదా.

కొత్తగా రెండు పొట్టేళ్లు కొన్నాం. ఇన్నాళ్ల లెక్కల్లో నాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే. బయటి మంద నుంచి లెవామిసోల్‌కు కూడా లొంగని నట్టలు ఒక్క పొట్టేలు కడుపులో వచ్చినా మా శ్రమంతా పోయినట్టే. అందుకని డాక్టరు గారిని అడిగి రెండు వేర్వేరు జాతుల మందులు పూర్తి మోతాదులో తాపి, రెండు రోజులు సిమెంటు గచ్చు మీదే ఉంచాం. ఆ పెంటికలను బయట పారేయకుండా గుంతలో వేసి కప్పాం. పద్నాలుగో రోజు వాటి గుడ్లు చూస్తాం. ఉంటే మందలో కలపం. కాక వాటిని ఇప్పటికే మంద దగ్గరికి తోలుతానని తొందరపెడుతున్నాడు, తాళం చెవి నా దగ్గర ఉంది.

ఐవర్‌మెక్టిన్ పరీక్ష ఇంకా మిగిలింది. ఇప్పుడు గుడ్లు తగ్గిపోయాయి కాబట్టి వచ్చే పుష్యమికి వాయిదా.